బీరప్ప గుడి ముందు తిమ్మన్న చెప్పిన మాట

గుమ్మఘట్ట మండలంలో గొర్రెల మందలున్న ఏ ఊరికి పోయి తిమ్మన్న ఇల్లు అడిగినా, "ఏ తిమ్మన్న? గుడి ముందర చెప్పినాడే, ఆ తిమ్మన్ననా?" అని తిరిగి అడుగుతారు. మొదట్లో ఆ మాట వెనక ఒక నవ్వు ఉండేది. ఇప్పుడు ఆ నవ్వు లేదు. చేతిలో పని పక్కనపెట్టి, వీధి మలుపు దాకా వచ్చి మరీ ఇల్లు చూపించి పోతారు.

తిమ్మన్న కురుబవాడు. నాయన పోయినాక మంద అతని చేతికి వచ్చింది. నల్ల ఉన్ని గొర్రెలు. మనకు అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి గానీ, అతను దూరం నుంచి అరుపు విని, అది ఫలానా గొర్రె, దాని పిల్ల వెనకబడింది అని చెబుతాడు. మాట తక్కువ. ఏదైనా అడిగితే కాసేపు మందవైపు చూసి, తర్వాత జవాబిస్తాడు. ఓపిగ్గా కూర్చున్నవాళ్లకు మాత్రం మొత్తం చెబుతాడు, ఏదీ దాచడు. అలా కూర్చుని విన్నదే ఇదంతా.

ఆ చుట్టుపక్కల కాపరుల్లో టచ్ ఫోను మొదట కొన్నది తిమ్మన్నే. సంతలో పొట్టేళ్ల ధర తెలుసుకోవచ్చని, వాన ఎప్పుడొస్తుందో చూడవచ్చని కొన్నాడు. ధరా చూసినాడు, వానా చూసినాడు. తర్వాత ఎవరో ఒక బొమ్మ పంపినారు. దాని వెనక ఇంకొకటి.

మధ్యాహ్నం ఎండ ముదిరితే గొర్రెలు మేయవు. ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి, ముద్దగా నిలబడిపోతాయి. నీడ లేని ఆ రాళ్ల నేలలో వాటికి అవే నీడ. అప్పుడు కాపరికి చేసేదేమీ ఉండదు. కనుచూపు మేర మనిషి ఉండడు. తుమ్మచెట్టు కిందనో, గుట్ట వారనో కూర్చుని తిమ్మన్న ఆ ఆడా మగా వీడియోలు చూసేవాడు. పెళ్లికి ముందు ఏళ్ల తరబడి, దాదాపు రోజూ.

"గడ్డి యాడుండాదో సూసి మందను తోలేది మా తాతల పద్ధతి," అని నవ్వుతాడు ఇప్పుడు. "మేం టవరు యాడ దొరుకుతాదో సూసి తోలినాం. ఆ ఏడు నా గొర్రెలు బక్కచిక్కిపోతే మా అమ్మ రోగమనుకోని మందు తాపింది. రోగం గొర్రెలకు కాదని నాకు తెలుసు. యాడ చెప్పేది?"

నాగలక్ష్మితో పెళ్లయింది. ఆమె కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతుంది. పెళ్లికి ముందు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనిచేసింది. మాట సూటిగా ఉంటుంది. తిమ్మన్నకు ఆమె అంటే మొదటి రోజు నుంచే ఇష్టం. ఆ ఇష్టంలో ఏ లోపమూ లేదు. కానీ ఫోను ముందు పలికిన ఒళ్లు, భార్య పక్కన పలకలేదు. ఒకసారి కాలేదు. కొత్త కదా అనుకున్నాడు. మళ్లీ కాలేదు. ఆ తర్వాత ఇంటికి రావడానికే భయం వేసింది. రైతుల చేలల్లో ఎరువు కోసం మందను ఆపే పని ఉందంటూ దూరపు ఊళ్లకు తోలుకుపోయాడు. మంద దగ్గర మళ్లీ అదే ఫోను. "నాకేం కాలేదని నాకు నేనే రుజువు సూపించుకునేదానికి సూసేవాణ్ణి. సూసిన కొద్దీ ఇంట్లో ఇంకా కష్టమయ్యేది."

పెళ్లయి ఏడాది దాటింది. కోడలికి నెల తప్పలేదు. తల్లి నల్లమ్మ కారణం వెతికింది. వెతికి వెతికి కంబళి దగ్గర ఆగింది.

వాళ్లలో పెళ్లికొడుకును, పెళ్లికూతురిని కూర్చోబెట్టేది కంబళి మీద. అది వాళ్లకు దేవుడి పీట. సొంత మంద ఉన్నితో, సొంత కులం మగ్గం మీద నేసింది అయివుండాలి. తిమ్మన్న పెళ్లి తొందరగా కుదిరింది, ఉన్ని అప్పటికి కత్తిరించలేదు. బజారులో మిల్లు కంబళి కొని పరిచినారు. నల్లమ్మ అన్న శ్రీరంగప్ప అప్పుడే వద్దన్నాడు. ఆయన కులపెద్ద, ఆ ఊళ్లో ఇంకా మగ్గం వదలని ఒకే ఒక్క మనిషి.

"నేను చెప్తే విన్లేదు మీరు," అన్నాడు చెల్లెలితో. "దాంట్లో సగం ప్లాస్టిక్ నూలు. దేవుడు దాని మీద కూచుంటాడా?"

"అయిపోయిందాన్ని ఎత్తిపొడచద్దు అన్నా. ఇప్పుడేం చేయల్లో చెప్పు."

తీర్మానం అలా జరిగింది. సొంత గొర్రెల ఉన్ని కత్తిరించాలి. కొత్త కంబళి నేయాలి. కులదేవుడు బీరప్ప గుడి ముందు దాన్ని పరిచి, ఆలుమగలను మళ్లీ కూర్చోబెట్టి, బండారు పెట్టించాలి. బండారు అంటే దేవుడి పసుపు. అప్పటికీ కడుపు పండకపోతే తప్పు కంబళిది కాదు, పిల్లది. పుట్టింటికి పంపించేయాలి.

ఉన్ని వడకాల్సింది ఇంటి ఆడమనిషి. అంటే నాగలక్ష్మి.

ఆమె అరుగు మీద కూర్చుని వడికింది. ఉన్ని కత్తిరించడానికి మందను ఇంటికి తోలుకొచ్చిన తిమ్మన్న ఎదురుగా కూర్చుని ఉన్నిలో ముళ్లు ఏరేవాడు. ఒకరోజు నల్లమ్మ నీళ్లకు పోయిన సమయంలో నాగలక్ష్మి చెయ్యి ఆపకుండానే అడిగింది.

"ఏమప్పా, ఈ నూలు ఎవరి మెడకు వడకతాండానో తెలుసా నీకు?"

తిమ్మన్న ఉన్నిలోంచి ఇంకో ముల్లు ఏరాడు.

"నా మెడకే. తప్పు నాది కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు."

"నువ్వు మీ అమ్మకైనా చెప్పుకోలేదా?"

"చెప్తే నిన్ను చూసి నవ్వుతారు. నా మొగుణ్ణి నవ్వులపాలు చేసేదానికి నాకు మనసు రాలేదు."

ఆ మాట తిమ్మన్నను గుచ్చింది. మరుసటి రోజే బళ్లారి రోడ్డు పక్కన గుడారం వేసుకున్న మూలికల వైద్యుడి దగ్గరికి పోయాడు. ఆ మనిషి నాడి పట్టి, కళ్లు మూసి, "మొగతనం కరిగిపోయింది" అన్నాడు. నల్లటి పొడి ఇచ్చాడు. అది తిన్న తిమ్మన్నకు గుండె దడదడ కొట్టుకుంది, ముఖం వేడెక్కింది, కడుపు పట్టేసింది. దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుండిపోతే నాగలక్ష్మి చూసింది. పొడి పొట్లం లాక్కుని వాసన చూసి దూరంగా విసిరింది.

"ఇంగ చాలు. ఏముండాదో నోరు తెరిచి చెప్పు."

తిమ్మన్న చెప్పాడు. ఫోను సంగతి, గుట్టల సంగతి, అది చూస్తే అవుతుందని, ఆమె పక్కన కావడం లేదని. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ ఫోన్లో ఆడోళ్ల పక్కన నన్ను పెట్టి సూసుకున్నావా?"

"లేదు మేయ్. దేవుని మీద ఒట్టు. వాళ్ల మొగాలు కూడా నాకు గురుతుండవు. నిన్ను సూస్తే మాత్రం భయమైతాది. ఈసారి కూడా కాకుంటే ఏమనుకుంటావో అని."

"నేనా?" అంది నాగలక్ష్మి. "నీకు నా మీద మనసు లేదనుకోని నేను ఏడస్తాంటే, నువ్వు ఆడ భయపడతాంటివా? ఇద్దరం ఇద్దరమే!"

కోపం, ఏడుపు, నవ్వు మూడూ కలిసిపోయినాయి ఆమెకు. రాయదుర్గంలో తాను పనిచేసిన చోటికి ఆరోగ్య పరీక్షల కోసం ఒక డాక్టరమ్మ వచ్చేదని, కసురుకోకుండా మాట్లాడేదని ఆమెకు గుర్తుంది. పేరు ఉమాదేవి. మగడిని వెంటబెట్టుకుని ఆమె క్లినిక్‌కు పోయింది. లోపల ఆడ డాక్టరు అనగానే తిమ్మన్న గడప దగ్గర నిలబడిపోయాడు.

"ఇన్ని గొర్రెలకు కాన్పు చేసిన మొగోడివి, నీకు సిగ్గేందప్పా, నడువు," అని భుజం మీద తట్టి లోపలికి తోసింది.

ఉమాదేవి బీపీ చూసింది, షుగరు పరీక్ష చేయించింది, బీడీలు ఎన్ని తాగుతావని అడిగింది. ఆ తర్వాత, జ్వరం ఎన్నాళ్ల నుంచి అన్నంత మామూలుగా, "పొద్దున నిద్ర లేచేటప్పుడు అంగం గట్టిపడుతుందా?" అంది.

తిమ్మన్న గోడమీద క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు.

"పడతాది మేడమ్," అంది నాగలక్ష్మి. "నేను సూసినా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తిమ్మన్నకూ నవ్వు వచ్చింది. అంతవరకు బిగుసుకున్న భుజాలు అప్పుడు దిగినాయని చెబుతాడు.

"అట్లయితే నరాల్లోనూ, రక్తం పారే దారిలోనూ పెద్ద లోపం లేదనుకోవచ్చు," అంది ఉమాదేవి. "చూడు తిమ్మన్నా, ఆ వీడియోలు చూసిన ప్రతి మగవాడికీ ఇలా అవుతుందని నేను చెప్పను. దీని మీద డాక్టర్లలోనే ఇంకా ఒకే మాట లేదు. కానీ నీలాగా ఏళ్ల తరబడి, ఒంటరిగా, రోజూ చూసినవాళ్లు కొందరు ఇదే బాధతో వస్తారు. ఒకటి చూస్తే ఇంకొకటి, దానికంటే కొత్తది. మనసు ఆ వేగానికి అలవాటు పడుతుంది. పక్కన నిజమైన మనిషి ఉన్నప్పుడు ఆ వేగం ఉండదు. ఒకసారి కాకపోతే భయం పట్టుకుంటుంది. రెండోసారి నీకంటే ముందు ఆ భయమే మంచం ఎక్కుతుంది."

తిమ్మన్న క్యాలెండరు మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూశాడు.

"సీసాపాలకు మరిగిన పిల్ల మాదిరి, కదా మేడమ్."

"అదేంది?"

"తల్లి సచ్చిన పిల్లకు సీసా పడతాం. నోట్లో పెడితే చాలు, పాలు కారిపోతాయి. దానికి మరిగిన పిల్లను ఇంకో గొర్రె కింద వదిలితే పొదుగు పట్టదు. పొదుగు కాడ తలతో కుమ్మల్ల, చీకల్ల, గొర్రె సేపుకొచ్చి పాలు దిగేదాకా కాచుకోవల్ల. అంత ఓపిక దానికి ఉండదు."

"అప్పుడేం చేస్తారు మీరు?"

"సీసా దాచిపెడతాం. పిల్లను కొట్టం, మెడ వంచి బలవంతం చేయం. గొర్రెను కదలకుండా పట్టుకోని నిలబడతాం. పిల్ల దానంతట అదే పొదుగు కాడికి పోతాది. కొన్ని బిరీన పోతాయి, కొన్ని దినాలు పట్టిస్తాయి."

"నేను చెప్పే వైద్యం దానికి దగ్గర్లోనే ఉంది," అంది ఉమాదేవి. "కానీ పిల్లకు ఆకలి ఒక్కటే. నీకు సిగ్గు కూడా ఉంది. నీ చికిత్సలో సగం ఆ సిగ్గు పోవడమే. వీడియోలు పూర్తిగా ఆపు. బీడీ మాను. కొన్నాళ్లు ఇద్దరూ ఆ పని జోలికే పోవద్దు. పక్కపక్కన పడుకోండి, చెయ్యి పట్టుకోండి, మాట్లాడుకోండి. అయిందా కాలేదా అని పరీక్ష పెట్టుకోవద్దు. రోడ్డు పక్క పొడులు ముట్టొద్దు, వాటిలో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. అవసరమైతే మాత్ర ఉంది, అది నేను చూసి ఇస్తాను. మళ్లీ రండి, ఇద్దరూ."

తిరుగు బస్సులో తిమ్మన్న ఫోను భార్య చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తిరిగి అతని జేబులోనే పెట్టింది. "నేను కావలి కాసేది గొర్రెలకా, నీకా? నువ్వే ఆపుకో." అతను ఆపుకున్నాడు. తేలికగా కాదు. మధ్యాహ్నం గొర్రెలు ముద్దగా నిలబడే వేళకు చేతులు ఊరుకునేవి కావు. అందుకని ఉన్ని కదురు వెంట తీసుకుపోయి, తనూ వడకడం నేర్చుకున్నాడు. మగవాడు నూలు వడుకుతుంటే తోటి కాపరులు, "ఏం తిమ్మన్నా, చీర ఎప్పుడు కడతావు?" అన్నారు. "నీ పెండ్లికి కడతాలేరా," అని ఊరుకున్నాడు.

ఇంట్లో పరిస్థితి కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. ఆమె రాయదుర్గం కబుర్లు చెప్పేది, అతను గొర్రెల కబుర్లు చెప్పేవాడు. కొన్ని రోజులు బాగుండేవి, కొన్ని రోజులు పాత భయం తిరిగొచ్చేది. ఇంతలో శ్రీరంగప్ప మగ్గం మీద కంబళి పెరుగుతూ ఉంది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టారు. ముసలాయన నేస్తూ పోతున్నాడు. చివరి అంచు పడింది. సోమవారం గుడి ముందు కూర్చోబెడతామని నల్లమ్మ ఊరంతా చెప్పివచ్చింది.

నాగలక్ష్మి గుడ్డల సంచి సర్దుకుంది.

"నేను ఆ కంబళి మీద కూచోను," అంది మగడితో. "కూచుంటే తప్పు నాదేనేమో సూడండని నేనే ఒప్పుకున్నట్టు. కడుపు పండల్లంటే ఇంకెన్నాళ్లు పడతాదో మనకే తెలీదు. అన్నాళ్లూ వాళ్లు నా పొట్ట వైపు సూస్తాంటారు. సోమవారం పొద్దున బస్సెక్కుతా."

"నేను చెప్తే?"

"చెప్పమని నేను అడగను. నీ మానం నీది."

సోమవారం పొద్దున ఆమె బస్సెక్కలేదు. సంచి చంకన పెట్టుకుని గుడి దగ్గరికి వచ్చి, ఆడవాళ్ల వెనక నిలబడింది. బస్సు రావడానికి ఇంకా సమయముంది. గుడి ముందు కులం వాళ్లంతా ఉన్నారు. శ్రీరంగప్ప కొత్త కంబళిని నేలమీద పరిచి నాలుగు మూలలా బండారు చల్లాడు. నల్లగా, ఎగుడుదిగుడు లేకుండా, గొర్రె వాసనతో ఉంది అది.

"రా అల్లుడా, కూచో. పిల్ల యాడ?"

తిమ్మన్న ముందుకు వచ్చాడు. చెప్పులు విడిచాడు. కంబళి మీద కాలు పెట్టలేదు. దాని అంచు దగ్గర నిలబడి, "మామా, ఒక మాట చెప్పల్ల," అన్నాడు.

"కూచోని చెప్పు."

"కూచుంటే చెప్పలేను. మీరంతా ఆ మిల్లు కంబళి మీద తప్పు ఏసినారు. దాందేమీ లేదు. రేపు నా పెండ్లాం మీద ఏస్తారు. ఆయమ్మదీ ఏమీ లేదు. తప్పు నాది. పెండ్లికి ముందు మంద కాడ ఏళ్లకేళ్లు ఫోన్లో బూతు బొమ్మలు సూసినా. దానికి మరిగి పెండ్లాం పక్కన నాకు కాకుండా పోయింది. ఇన్నాళ్లూ మేం ఆలుమగల మాదిరి లేం. కడుపు యాడ పండతాది? డాక్టరమ్మ కాడికి పోయినాం. వైద్యం జరగతాండాది. బాగైతాండా. బాగయ్యేదాక ఎవరూ ఆయమ్మ పొట్ట వైపు సూడొద్దు. అంతే."

చూపు దించకుండా చివరిదాకా చెప్పాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు నేల చూశారు. వెనక వరుసలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

"ఎవడ్రా నవ్వేది?" అన్నాడు శ్రీరంగప్ప. "ముందుకి రా. నీ ఫోను తెచ్చి ఈ కంబళి మీద పెట్టు. దాంట్లో ఏముండాదో దేవుని ముందర అందరం సూస్తాం."

ఎవరూ ముందుకు రాలేదు. ఒకరిద్దరు జేబుల మీద చేతులు పెట్టుకున్నారు. నవ్వు మళ్లీ వినిపించలేదు.

ముసలాయన వంగి కంబళిని ఎత్తాడు, దులిపాడు, మడిచాడు. వాళ్లలో మనిషిని గౌరవించాలంటే భుజాన కంబళి వేస్తారు. దాన్ని తిమ్మన్న భుజాన వేశాడు. "నా మగ్గం మీద నేసిన కంబళి మంచి భుజం మీదికే పోయింది," అన్నాడు. తిమ్మన్న దాన్ని అలాగే తీసుకుపోయి, ఆడవాళ్ల వెనక సంచితో నిలబడిన నాగలక్ష్మి భుజాల చుట్టూ కప్పాడు.

"దీని నూలు వడికింది ఈయమ్మ," అన్నాడు.

నల్లమ్మ లేచి కొడుకు దగ్గరికి వచ్చింది. "నాతో ముందే యాల చెప్పలేదురా?"

"నువ్వు కంబళి కంబళి అంటివి గదమ్మా."

నల్లమ్మ పళ్లెంలోని బండారు తీసి మొదట కోడలి నుదుట పెట్టింది, తర్వాతే కొడుకుకు. ఆ తర్వాత కోడలి చంకలోని సంచి లాక్కుని, తన చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది. రాయదుర్గం బస్సు వచ్చి, హారన్ కొట్టి, పోయింది.

పూర్తిగా బాగయ్యేసరికి వానలు వచ్చి, చేలల్లో వేరుశనగ పీకే కాలమయింది. ఎలా బాగయిందని అడిగితే తిమ్మన్న నవ్వుతాడు. "అది మాత్రం గుడి ముందర చెప్పను." ఉమాదేవి దగ్గరికి ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. ఒకసారి మళ్లీ చూశానని తిమ్మన్నే ఆమె ముందు ఒప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు. మళ్లీ మొదలుపెట్టమంది.

ఇప్పుడు కొత్తగా పెళ్లయిన కాపరులు ఒక్కొక్కరే అతని మంద దగ్గరికి వస్తారు. మేత గురించి మొదలుపెట్టి, పొట్టేళ్ల ధర మీదుగా, చివరికి అసలు మాట దగ్గరికి వస్తారు. "అన్నా, నాకూ..." అంటారు. తిమ్మన్న నవ్వడు, నీతులు చెప్పడు. తనకు జరిగింది చెబుతాడు. బళ్లారి రోడ్డు గుడారం వైపు పోవద్దంటాడు. క్లినిక్‌కు ఒక్కడే పోవడానికి భయపడేవాళ్లకు తోడు కూడా పోతాడు. అందరూ వినరు. కొందరు విని, మళ్లీ గుట్ట ఎక్కి టవరు వెతుక్కుంటారు. "వాళ్ల దినం వస్తాది," అంటాడు, కోపం లేకుండా. ఆ కంబళి మాత్రం నాగలక్ష్మిది. ఆమె కప్పుకోవాలి, లేదంటే ఎవరికైనా ఆమే తీసి ఇవ్వాలి.

ఆ మధ్య కొళాయి దగ్గర ఒకావిడ నల్లమ్మను ఎత్తిపొడిచింది. "ఏమమ్మా, నీ కొడుకు తన గుట్టు ఊరందరి ముందర చెప్పుకున్నాడంట గదా?"

నల్లమ్మ బిందె దించి, కొంగు నడుముకు చుట్టుకుంది.

"చెప్పుకున్నాడు మేయ్. పెండ్లాం మీద పడే రాయి తన నెత్తిన ఏసుకున్నాడు నా కొడుకు. మీ ఇంట్లో అట్లాంటి మొగోణ్ణి ఒక్కణ్ణి సూపించు. నీ బిందె కూడా నేనే మోసకపోయి మీ ఇంట్లో దించుతా."

కొళాయి కింద బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఎవరూ కదలలేదు. ఆ రోజు నల్లమ్మ తన బిందె ఒక్కటే మోసుకుని ఇంటికి వచ్చింది.